మదర్‌బోర్డుకు దొంగ సొరుగులు

పోయిన వారం చిన్నకోడల్ని చీకటి గోడ ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది బల్లలూ బీరువాలూ చేసే ఇల్లు. ముందు పని షెడ్డు, వెనక కాపురం, నడుమ ఒక గది. దాన్ని అందరూ బొమ్మల గది అంటారు. అక్కడ నాలుగు గోడలకూ తెల్లటి తెరలు కట్టి, ఇంకా తయారుకాని సామాను ఎలా ఉండబోతుందో వాటి మీద బొమ్మగా వేసి, కొనేవాళ్ళను మధ్యలో నిలబెట్టి చూపించాలన్నది చిన్నకోడలి ఆలోచన. ఒక్కో గోడకు ఒక్కో గ్రాఫిక్స్ కార్డు. నాలుగు కార్డులూ ఒకే కంప్యూటర్లో కూర్చోవాలి. నలుగురినీ ఒళ్ళో పెట్టుకుని సాకవలసింది మదర్‌బోర్డు. పేరుకు తల్లే గానీ, పిల్లలందరికీ సమానంగా పెట్టే తల్లులు బోర్డుల్లో బహు అరుదని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

రేపు పొద్దున పిల్లల గ్రంథాలయం వాళ్ళు వస్తున్నారు. అరల నుంచి కుర్చీల దాకా చెక్కపనంతా ఒకరికే ఇస్తారట. "వాళ్ళు నీ గదిలో నిలబడి సరేనంటే గది నీది. లేదంటే మర్నాడే తెరలు విప్పి వెనీర్ చెక్క షీట్లు సర్దిస్తాను. నువ్వు మళ్ళీ కౌంటర్లో కూర్చుందువుగాని" అని బావగారు, అంటే భర్త అన్నగారు, అందరి ముందూ తేల్చేశాడు. షెడ్డు లెక్కాపత్రమూ పెత్తనమూ ఆయనవి. కౌంటర్లో కూర్చోవడమంటే పిడుల నమూనాలు చూపించడం, ఫోనెత్తడం, నవ్వడం. కొన్నేళ్ళు ఆ నవ్వు నవ్వి నవ్వి ఆమె దవడలు నొప్పెట్టాయి. మళ్ళీ అక్కడికి వెళ్ళడం తన వల్ల కాదని ఆమెకు గట్టిగా తెలుసు.

నిన్న తొలిసారి అంతా కలిపి నడిపించింది. ఎదుటి గోడ మీద పుస్తకాల అరలు నిగనిగలాడుతూ వచ్చాయి. కుడి గోడ మీద కిటికీ పక్క కూర్చునే బల్ల వచ్చింది. ఎడమ గోడ ఎక్కిళ్ళు పెడుతూ ముక్కలు ముక్కలుగా కదిలింది. వెనక గోడ అసలు వెలగలేదు. అక్కడ ఆగింది కథ.

ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె తలుపు వేసుకుని కింద కూర్చుంది. ముందు కార్డుల మీద అనుమానపడింది. వెలగని కార్డును తీసి మొదటి స్లాటులో, అంటే బోర్డు మీద కార్డు దూర్చే గాడిలో, పెడితే బంగారంలా వెలిగింది. వెలిగే కార్డును తీసి నాలుగో స్లాటులో పెడితే మొద్దునిద్ర పోయింది. ఏ కార్డును కూర్చోబెట్టినా ఆ నాలుగో చోట నిద్రే. మూడో చోట ఎవరు కూర్చున్నా ఎక్కిళ్ళే. అంటే పిల్లల తప్పు లేదు, చోటులోనే ఏదో ఉంది.

ఆ ముక్క అర్థమయ్యాక ఇంకా అయోమయం పెరిగింది. ఎందుకంటే ఆ బోర్డును ఎంచుకున్నది తనే. ఎంత అవస్థపడి ఎంచుకుందని! అడిగినవాళ్ళందరూ తలోరకంగా చెప్పారు. ఒకాయన పొడవాటి స్లాట్లు ఎన్నున్నాయో చూసుకుంటే చాలన్నాడు. ఇంకొకాయన స్లాట్లు ఎవడికి కావాలి, లేన్లు చూడమన్నాడు. లేన్లంటే కార్డుకూ ప్రాసెసరుకూ మధ్య సమాచారం పరుగెత్తే దారులట. మూడో ఆయన ఆ దారులు బోర్డు ఇచ్చేవి కావు, ప్రాసెసరు ఇచ్చేవన్నాడు. నాలుగో ఆయన అవన్నీ తర్వాత, ముందు కార్డుల మందం కొలుచుకో తల్లీ, నడుమ గాలి ఆడకపోతే అన్నీ కలిసి ఉడుకుతాయన్నాడు. పదిమంది వైద్యుల మధ్య రోగిలాగా తిరిగి తిరిగి, చివరికి కంప్యూటర్ సామాన్ల కొట్టాయన దగ్గర తేలింది.

ఆ కొట్టాయనే ఒక చిట్కా చెప్పాడు. "పైనుంచి చూస్తే అన్నీ పెద్దమనుషులే మేడమ్. వెనక్కి తిప్పితేగానీ గుట్టు తెలీదు" అని ఒక్కో బోర్డునూ బోర్లించి చూపించాడు. స్లాటు వెనక వైపు టంకం చుక్కలు బారుగా ఉంటాయి. బారు చివరిదాకా నిండుగా ఉంటే ఆ స్లాటుకు దారులన్నీ ఉన్నట్టు. మధ్యలో ఆగిపోతే అంతమేరకే. నాలుగు బారులూ నిండుగా ఉన్నది అక్కడ ఒక్కటే కనిపించింది. పెద్ద బోర్డు. దానికి తగ్గ ప్రాసెసరుతో జోడీగా ఇస్తానన్నాడు. ఆమె సరేనని, తెచ్చి బిగించే పని భర్తకు అప్పజెప్పి, గ్రంథాలయం కొలతలకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బోర్డు మామగారు చేసిన చెక్క పెట్టెలో బిగిసి ఉంది, పైన కార్డులు ఎక్కి ఉన్నాయి. అంతా అమర్చేసిన భర్తను చూసి మురిసిపోయింది కూడా.

ఆమె కార్డులు మారుస్తూ ఉండగానే తలుపు తోసుకుని బావగారు వచ్చాడు. కాసేపు గుమ్మంలో నిలబడి చూశాడు.

"నువ్వు ఏరికోరి ఎంచుకున్న బోర్డు ఇదేనా?"

"ఇదే బావగారూ."

"బాగా చూసే చెప్తున్నావా?"

ఈ ఎత్తిపొడుపుకేం తక్కువ లేదనుకుంది. "చూసే చెప్తున్నాను. రేపటికి నడుస్తుంది లెండి."

ఆయన పెట్టె వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఏదో అనబోయి మానేసి, "సరే" అని మేకుకు తగిలించిన వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. వ్యాను గేటు దాటిన చప్పుడు వినిపించాక ఆమె మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

తర్వాత మరలు విప్పింది. బోర్డును రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను బోర్లా వేసినట్టు ఒళ్ళో బోర్లించుకుంది.

మొదటి బారు నిండుగా ఉంది. రెండో బారు సగం దాటి ఆగింది. మూడోది మొదట్లోనే ఆగిపోయింది. నాలుగో చోట చిటికెడు చుక్కలున్నాయి, ఆ తర్వాత ఉత్త ఆకుపచ్చ మైదానం. ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వెలుతురు చాలలేదేమోనని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చుక్కలేమీ పెరగలేదు.

మరి ఆ రోజు కొట్లో చూసిన నిండు బారులు ఏమయ్యాయి? తను సరిగ్గా చూడలేదా? చూసి వేరేది చెప్పిందా? కొట్టాయన మోసం చేశాడా? తలా తోకా అందడం లేదు. ఇన్నాళ్ళూ తన తెలివి మీద తనకున్న కాస్త నమ్మకమూ జారిపోతున్నట్టనిపించి భయమేసింది.

సరిగ్గా అప్పుడు భర్త రెండు టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. వచ్చినవాడు ఆమె ఒళ్ళో బోర్లా పడుకున్న బోర్డును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ ఆగడం ఆమె చూసింది.

"ఏవండీ, ఈ బోర్డు ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి? కొట్లోదే."

"నేను ఎంచుకున్నది ఇదేనా?"

"టీ చల్లారిపోతుంది. ముందు తాగు."

"చల్లారనివ్వండి. ఇదేనా?"

భర్త గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టాడు. వాటిని కొంచెం ఎడంగా జరిపాడు, మళ్ళీ దగ్గరికి జరిపాడు. చెక్క మీద గీత తప్పినప్పుడు కూడా అతను ఇలాగే చేస్తాడు, చేతిలో ఏముంటే దాన్ని సర్దుతాడు.

"మార్చాను" అన్నాడు చివరికి. "కానీ ఊరికే మార్చలేదు. దానికీ నాలుగు స్లాట్లే, దీనికీ నాలుగు స్లాట్లే. నీ కార్డు తీసుకెళ్ళి నాలుగింట్లోనూ దూర్చి చూశాను. పొడవు సరిపోయింది, బిగువు సరిపోయింది, కార్డుకూ కార్డుకూ మధ్య గాలి సందు కూడా ఉంది. చీల తొలిచిన గాడిలో సరిగ్గా కూర్చుంటే ఇంకేం కావాలి అనుకున్నాను."

చిన్నకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వడ్రంగం తెలిసినవాడు తప్ప ఇంకెవడూ ఇంత జాగ్రత్తగా ఇంత తప్పు చెయ్యలేడు.

"సింకు కింద బీరువా చేసేటప్పుడు, గొట్టాలు అడ్డం వచ్చే చోట మనం ఏం పెడతాం?" అని అడిగింది.

"దొంగ సొరుగు పెడతాం."

"అంటే?"

"అంటే ఏముంది, ముందు చెక్కా పిడీ మామూలు సొరుగులాగే ఉంటాయి. వెనక సొరుగు ఉండదు." అంటూనే అతని గొంతు నెమ్మదించింది.

"ఆ పిడి పట్టుకుని లాగితే?"

"రాదు."

"ఇదీ అంతే. మొదటి రెండూ అసలు సొరుగులు. మూడోది వేలెడు లోతు సొరుగు. నాలుగోది ఉత్త పిడి. దానికున్న ఆ కాస్త దారి కూడా బొమ్మలన్నీ దాచుకునే డిస్కు వాడేసుకుంటోంది. మీరు పిడులు లెక్కపెట్టుకొచ్చారు." ఇక్కడిదాకా నెమ్మదిగానే చెప్పింది. తర్వాత గొంతు పెంచింది. "ఎందుకండీ? నేనంత తిరిగి తిరిగి, పదిమందిని అడిగి, తేల్చుకున్నది ఎందుకు మార్చారు? నిన్నటి నుంచి తప్పు నాదేననుకుని చస్తున్నాను. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"పెట్టెలో పట్టలేదు."

"ఏమిటి?"

"నువ్వు ఎంచుకున్న బోర్డు నాన్న చేసిన పెట్టెలో పట్టలేదు."

ఇద్దరూ పెట్టె వంక చూశారు. గదిలో అంత మంచి వస్తువు ఇంకొకటి లేదు. మంచి టేకుతో చేసింది. వేళ్ళలో వేళ్ళు చొప్పించినట్టు మూలలు కలిశాయి, ఎక్కడా ఒక్క మేకు లేదు. గాలి ఆడటానికి పక్క చెక్కకు జాలీ చెక్కి ఉంది. చెయ్యి వణుకు మొదలైన దగ్గర్నుంచి ఉలి ముట్టని పెద్దాయన, కోడలి యంత్రం కోసమని మళ్ళీ ఉలి పట్టి చేసిన పెట్టె అది. ఆమె బోర్డుల మధ్య ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడుతున్న రోజుల్లోనే ఆయన దాన్ని పూర్తిచేసి, గుడ్డ కప్పి, గది మధ్యలో పెట్టి మురిపెంగా నిలబడ్డాడు. ఆలూ లేదు చూలూ లేదు, ఉయ్యాల మాత్రం తయారు.

"ఆ బోర్డు తెచ్చి పెట్టెలో పెట్టి చూశాను. ఒక పక్క ఆనుకుంది, ఇంకో పక్క ఎత్తుకుంది" అన్నాడు భర్త. "నాన్న షెడ్డులో రంగు కలుపుతున్నాడు. 'సరిపోయిందారా?' అని అక్కణ్ణుంచి కేక వేశాడు. ఆ గొంతు నువ్వు వినలేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. నేనేం చెప్పను? 'అచ్చు కొలిచినట్టుంది నాన్నా' అనేశాను. అన్నాక ఆ మాట నిజం చెయ్యాలి కదా. మళ్ళీ కొట్టుకెళ్ళి, ఇందులో పట్టే జోడీ ఇమ్మని, అది తిరిగిచ్చేశాను. అన్నయ్య కూడా వ్యానులో ఉన్నాడు. ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు."

"పీట చిన్నదని పెళ్ళికూతుర్నే మార్చుకొచ్చారన్నమాట."

అతను తల వంచుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. కోపంతోబాటే జాలి కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో, దేన్ని ముందు బయటపెట్టాలో తెలియక బోర్డును ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. మామగారి మీద విసుక్కుందామంటే తన కోసమే చేశాడు. భర్త మీద అరుద్దామంటే తండ్రి కోసం చేశాడు. తను ముందే ఒక బోర్డు తేల్చుకుని కొలత ఇచ్చి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. తప్పు ఎవరి ముందు పెట్టినా, అది మెల్లగా దొర్లుకుంటూ ఇంకొకరి ముందుకు పోతోంది.

"ఎంత పట్టలేదు?"

ఆ గొంతు భర్తది కాదు. పాలిష్ గుడ్డ చేతిలో పట్టుకుని పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. పెట్టె మూతకు ఆఖరి పూత వెయ్యడానికి వచ్చినట్టున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతవరకూ విన్నాడో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

"ఎంత పట్టలేదురా?"

"రెండు వేళ్ళు నాన్నా."

"రెండు వేళ్ళ కోసం పెళ్ళాం దగ్గర దొంగవయ్యావా?"

పెద్దాయన లోపలికి వచ్చి పెట్టె పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెయ్యి వణుకుతోంది. దాన్ని పెట్టె మీద ఆనించి ఆపుకున్నాడు. ముఖంలో నొప్పి దాచుకోవాలని చూశాడుగానీ దాగలేదు.

"పాత కంప్యూటర్లో బోర్డు కొలత తీసుకున్నానమ్మా" అన్నాడు కోడలితో. "బోర్డంటే బోర్డే కదా, అన్నీ ఒకటే సైజు ఉంటాయనుకున్నా. నిన్ను అడగాల్సింది. కానీ నువ్వు తేల్చుకునేదాకా ఆగితే, ఈలోపు ఈ చెయ్యి ఇంకా పాడైపోతే? అందుకని తొందరపడ్డా. పెట్టెలో పెట్టే వస్తువును చూడకుండా పెట్టె చేశాను. మొదటి రోజు పని నేర్చుకునేవాడు కూడా చెయ్యడు ఈ పని."

"అలా అనకండి మామయ్యా. పెట్టె అక్కర్లేకుండా నడిపిస్తాను. పెద్ద బోర్డు తెచ్చి బల్ల మీద పరుచుకుంటే సరిపోతుంది."

"ఈ ఇంట్లోనా? గాలిలో గాలికన్నా రంపపు పొట్టే ఎక్కువ. సాయంత్రానికి నీ ఫ్యాన్లన్నీ దగ్గుతాయి. పైగా వచ్చేవాళ్ళు మన దగ్గర కొనేది ఏమిటి? చెక్కపని. వడ్రంగివాళ్ళ ఇంట్లో యంత్రం బట్టల్లేకుండా కూర్చుంటే, వీళ్ళేం చేస్తారు మన అరలు అని వెనక్కి తిరుగుతారు." పెద్దాయన జేబులోంచి పెన్సిలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గీత గియ్యి అమ్మాయ్. నీ బోర్డు ఎక్కడిదాకా వస్తుందో నీకే తెలుసు."

"నాన్నా, అది జాలీ ఉన్న పక్క" అన్నాడు భర్త.

"నాకు తెలీదూ? చెక్కింది నేనే. ఆ పక్క కోసేసి, రెండు వేళ్ళు బయటికి గూడు కట్టి మూస్తా. పొద్దుటికల్లా అవుతుంది."

"కొట్టుకు ఫోన్ చేశాక కోద్దాం మామయ్యా. బోర్డు ఉందో లేదో."

"నిన్నగాక మొన్న తిరిగిచ్చింది ఎక్కడికి పోతుంది? నీ ఫోను నువ్వు చేసుకో, నా పని నన్ను చేసుకోనీ. ఆలోచిస్తూ కూర్చుంటే దీన్ని కొయ్యడానికి నాకు మనసు రాదు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కొట్లో చూసిన బోర్డు అంచును గుర్తు చేసుకుని, మూలమట్టం ఆనించి గీత గీసింది. గీత జాలీలోని పువ్వుల మధ్యగా పోయింది. చేతిలో పెన్సిలు ఇంత బరువుంటుందని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

పెద్దాయన రంపం పెట్టాడు. మొదటి లాగుడుకు పన్ను గీత తప్పి పక్కకు జారింది. రెండోసారీ జారింది. భర్త వెళ్ళి వెనక నిలబడి, తండ్రి చేతి మీద తన చెయ్యి వేశాడు. పెద్దాయన వద్దనలేదు. నాలుగు చేతులూ కలిసి లాగితే రంపం గీత పట్టుకుంది. ఎర్రటి పొట్టు తెల్ల తెర కింద రాలడం మొదలైంది.

చిన్నకోడలు చూడలేక వరండాలోకి వచ్చి కొట్టాయనకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"మీ దగ్గర ఆ పెద్ద బోర్డు ఉంది కదండీ, మావారు తిరిగిచ్చింది. ప్రాసెసరుతో జోడీ. మళ్ళీ అదే కావాలి. ఇప్పుడే బయల్దేరి వస్తాను."

ఫోను కట్టయిందేమోనని చూసుకుంది. కాలేదు.

"అది లేదు మేడమ్."

"లేకపోవడమేమిటి? అమ్మేశారా?"

"అదీ..." కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నాకు మీ ఇంటి గొడవలు తెలీవు. నాకు మీరూ ఒకటే, ఆయనా ఒకటే. అబద్ధం ఆడలేక చెప్తున్నా. మీ బావగారు వ్యానులో వచ్చి ఇందాకే పట్టుకెళ్ళారు. మీకోసమేనేమో అనుకుని ఇచ్చేశాను."

ఆమె మనసు ఒక్కసారి తేలికపడింది. గుమ్మంలో నిలబడి 'ఇదేనా' అని ఆయన ఎందుకడిగాడో ఇప్పుడు అర్థమైంది. వ్యానులో కూర్చుని అంతా చూశాడు, తమ్ముడు మార్చిన సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. అంతా తెలిసి, మాటలో వెటకారమే గానీ, చివరికి ఆదుకోవడానికే పరుగెత్తాడన్నమాట. ఎంత తప్పుగా అనుకుంది ఆయన్ని!

"అయితే తెస్తున్నారన్నమాట. బతికించారండీ."

"ఏమో మేడమ్. నాకూ అదే అర్థం కావట్లా." కొట్టాయన ఇంకా ఏదో నములుతున్నాడు. "వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పారు. సాయంత్రం లోపల మీరు ఫోన్ చేస్తారు, చేస్తే ఆ బోర్డు తయారీయే ఆగిపోయింది, ఇక ఎక్కడా దొరకదని చెప్పమన్నారు. తను వచ్చి పట్టుకెళ్ళినట్టు ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దన్నారు."

ఆమె గేటు వంక చూసింది. వ్యాను రాలేదు. ఇప్పుడు వస్తుందో రాదో, వస్తే అందులో ఏముంటుందో ఊహించడానికి కూడా బుర్ర సాయపడలేదు.

బొమ్మల గదిలో రంపం ఆగింది. తెగిన జాలీ ముక్క నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పెద్దాయన గొంతు, ఈమధ్య ఎప్పుడూ లేనంత హుషారుగా.

"తెగిందమ్మాయ్! గీత మీదే తెగింది. బోర్డు ఎప్పుడొస్తుందన్నాడు?"